వెయ్యి నూట నాలుగు తాళాలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఫైలు ప్రారంభించడమైనది. విషయం: నేను. పూర్వ ప్రస్తావనలు: చాలా.

రోజూ నాలుగు వాక్యాలు రాసుకోవాలనీ, ఎవరికీ చూపించనక్కర్లేదనీ ఫోనులోని యాప్ ఆదేశించింది. ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో, ఎవరి సంతకమూ అవసరం లేని కాగితం రాయమని నన్ను కోరిన మొదటి సంస్థ ఇదే. గౌరవంగా స్వీకరిస్తున్నాను.

వాస్తవాలు. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో సీలు కవర్ల బల్ల నాది. పై చదువులకు వేరేచోట దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల మార్కుల జాబితాను కవరులో పెట్టి, అంటించి, మడత మీద లక్క పోసి, ముద్ర గుద్ది పంపాలి. లక్క పగిలిన కవరు చెల్లదు. పని ఇంతే. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, లక్క ఆరగానే నా తలలో కూర్చున్న తనిఖీ అధికారి ఒక మెమో పంపుతాడు: "లోపల కాగితం ఉన్నట్లు ఆధారమేది?" సీలు వేసిన కవరులో కాగితం ఉందో లేదో తెలుసుకోవడానికి లోకంలో ఒకే మార్గం ఉంది. ఆ మార్గాన నేను చాలాసార్లు నడిచాను. ఒకే కవరును పదకొండుసార్లు విప్పి పన్నెండుసార్లు సీలు వేసిన రికార్డు నా పేరనే ఉంది. ఆరేళ్లలో ఇలా విప్పిన కవర్లలో కాగితం లేనివి: సున్నా.

జనవరి ఆఖరున డిప్యూటీ రిజిస్ట్రారు పిలిపించారు.

"మేడమ్, సీలు వేసేది అవతలివాళ్లు విప్పడానికండీ. మనమే వేసి మనమే విప్పుకుంటే దాన్ని పోస్టు అనరు."

"అర్థమైంది సార్."

"ఆ అమ్మాయి కవరు మీ బల్ల మీద తొమ్మిది రోజులుంది. గడువు దాటింది, సీటు పోయింది. వాళ్ల నాన్న వచ్చి ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. అరిచినా బాగుండేది. అరవలేదు."

ఆ కుర్చీలో కూర్చోకుండా నిలబడే విన్నాను.

"ఏప్రిల్ ఆఖరు దాకా చూస్తాను. వైద్యమే చేయించుకుంటారో, ఏం చేస్తారో మీ ఇష్టం. తర్వాత పాత రికార్డుల గదికి వేసేస్తాను."

పాత రికార్డుల గదిలోంచి ఏదీ బయటికి వెళ్లదు. దుమ్ము మాత్రం లోపలికి వస్తుంది. ఆ గదికి నేను వెళ్లను. ఇది విన్నపం కాదు.

సరిచూడబడినది. సరిచూడబడినది. సరిచూడబడినది.

ఫిబ్రవరి 4, మంగళవారం

యాప్ ప్రశ్న: "మీ ఆందోళన సున్నా నుంచి వంద వరకు ఎంత?" డెబ్భై మూడు అని నమోదు చేశాను. చేశాక అది డెబ్భై నాలుగని తోచింది. ఒకసారి పంపిన అంకెను మార్చే వీలు లేదని యాప్ తెలియజేసింది. అది తెలిశాక ఆందోళన తొంభై.

సరిచూడబడినది. సరిచూడబడినది.

ఫిబ్రవరి 6, గురువారం

యాప్ వెనక ఒక మనిషి కూడా ఉంది. డాక్టరమ్మ. వారానికి పది నిమిషాలు ఫోను తెర మీద కనిపిస్తుంది. నా సర్వీసు కంటే నాలుగైదేళ్లు మాత్రమే పెద్దది కావచ్చు. వయసును బట్టి పత్రాలను తిరస్కరించే అలవాటు నాకు లేదు కనుక విన్నాను.

ఇంటి తాళంతో మొదలుపెడదామంది. ఆఫీసులో విప్పేదీ ఇంట్లో లాగి చూసేదీ ఒకటే జబ్బట. ఇంట్లో నేర్చుకున్నది బల్ల దగ్గర పనికొస్తుందట.

"తాళం ఒక్కసారి వేయండి. పడిందన్న నమ్మకం కుదిరేదాకా నిలబడొద్దు. నమ్మకం లేకుండానే నడిచెళ్లిపోండి."

"నమ్మకం ఎప్పుడొస్తుందండీ?"

"రాకపోవచ్చు. దానికోసం మీరు ఆగకపోవడమే మందు."

నమ్మకం లేకుండా నడవమనే వైద్యానికి నా నమ్మకం కావాలట! ఈ వైరుధ్యాన్ని ఆమె దృష్టికి తెచ్చాను. ఆమె నవ్వింది. సమావేశం ముగిసింది.

ఫిబ్రవరి 10, సోమవారం

గేటు దాకా వెళ్లాను. వెనక్కి వచ్చాను. గేటు దాకా వెళ్లాను. వెనక్కి వచ్చాను. ఇంతకు మించి రాయదగిన విశేషం లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ ఇంట్లో నాతో ఉండేది మా తమ్ముడు, అతని భార్య. తమ్ముడు గూడ్సు రైళ్లు నడుపుతాడు. వారానికి రెండు రోజులు కనిపించి, ఆ రెండు రోజులూ నిద్రపోతాడు. మరదలు ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. ఆరేళ్లుగా ఆమెకు రెండో ఉద్యోగం కూడా ఉంది. నేను తాళం వేసి "వేశానా?" అంటాను. ఆమె "వేశావు" అంటుంది. ఇది ఏడుసార్లు జరగాలి. ఆరోసారి విసుగు వినిపిస్తే లెక్క మొదటికొస్తుంది.

ఈరోజు యాప్ ఆదేశం: "సాక్షిని అడగడం మానండి." మరదలికి చూపించాను. బూటు లేసు కట్టుకుంటున్నదల్లా లేచి ఫోనుకు దణ్ణం పెట్టింది.

"నిజంగా అడగవా వదినా? ఒట్టు?"

"అడగను."

"ఏడుసార్లు చెప్పు."

నేను చెప్పలేదు. ఆమె పగలబడి నవ్వింది. ఆ తర్వాత కూర్చుని, లేసు చూస్తూ మెల్లగా అంది. "నిరుడు రెండుసార్లు లేటని మెమో ఇచ్చారు నాకు. నీకు చెప్పలేదు. చెబితే అదొకటి పెట్టుకుని కూర్చుంటావని."

మరదలిని సాక్షి విధుల నుంచి విముక్తురాలిని చేయడమైనది. సేవలు ప్రశంసనీయం.

సరిచూడబడినది.

ఫిబ్రవరి 13, గురువారం

తాళం ఒక్కసారే వేశాను. లాగి చూడలేదు. ఎవరినీ అడగలేదు.

ఫొటో తీశాను.

ఫొటో తీయడం సరిచూడడం కిందికి రాదు. నిబంధనలు జాగ్రత్తగా చదివాను. వెనక్కి వెళ్లకూడదు, లాగకూడదు, అడగకూడదు అని మూడు నిషేధాలున్నాయి. కెమెరా ప్రస్తావన ఎక్కడా లేదు. రికార్డు భద్రపరచడం ప్రతి ఉద్యోగి ప్రాథమిక విధి. పన్నెండు కోణాల్లో తీశాను. సాయంత్రం కూరగాయలకు వెళ్లేటప్పుడు మరో పన్నెండు. రోజుకు ఇరవై నాలుగు అనేది సహేతుకమైన సంఖ్య.

ఫిబ్రవరి 20, గురువారం

యాప్ ఆకుపచ్చ నక్షత్రం ఇచ్చింది. "అభినందనలు! మీరు ధైర్యవంతులు!" రుజువు అడగకుండా ఇంత తేలిగ్గా నమ్మే సంస్థ నడవడం కష్టమే. ఆందోళన ఇరవై రెండు. బస్సులో ఫొటోలు చూసుకుంటే పదకొండు.

మార్చి 6, గురువారం

డాక్టరమ్మ నా అంకెల పట్టికను చాలాసేపు చూసింది.

"ఇంత శుభ్రంగా ఎవరి లెక్కలూ ఉండవండీ. మామూలుగా అయితే ఒకరోజు బాగుంటుంది, మూడు రోజులు బోర్లా పడతారు."

"క్రమశిక్షణ అండీ."

"మరదలుగారిని అడగట్లేదుగా?"

"లేదు." ఇది సత్యం.

"ఫొటోలు తీయడం లాంటివి?"

సిగ్నలు సరిగా లేదనీ, ఆఖరి ప్రశ్న వినపడలేదనీ చెప్పాను. సిగ్నలు బాగానే ఉంది.

సరిచూడబడినది. సరిచూడబడినది. సరిచూడబడినది. సరిచూడబడినది.

మార్చి 18, మంగళవారం

ఆఫీసులో ఒక కవరు విప్పాను. ఒకటే. ఒకటిన్నర.

మార్చి 31, సోమవారం

ఉదయం యాప్ తెరుచుకోలేదు. దాని బదులు ఫోను ఒక నోటీసు ఇచ్చింది: "స్థలం లేదు."

వాకిట్లోనే నిలబడిపోయాను. యాప్ లేదు, ఫొటో తీద్దామంటే కెమెరా లేదు, తాళం మాత్రం ఉంది. మరదలు డ్యూటీకి బయల్దేరుతూ ఫోను లాక్కుంది.

"ఇలా తే. ఏం నింపేశావ్ దీన్లో?"

చూసింది. వేలితో పైకి తోసింది. మళ్లీ తోసింది. ఆమె ముఖంలో నవ్వు రావడం, వచ్చి పోవడం రెండూ గమనించాను.

"తాళం... తాళం... తాళం... ఇదేంటి, అడ్డంగా తాళమా? వెయ్యి నూట నాలుగట వదినా. ఇన్ని ఎక్స్-రేలు మా డిపార్టుమెంటు మొత్తం నెలరోజులకు తీయదు."

"అవి రికార్డు."

"ఒక్క మనిషి లేడు కదా దీన్లో! నేను లేను. మీ తమ్ముడు లేడు. నువ్వన్నా లేవు." ఫోను నా చేతిలో పెట్టింది. "నన్ను ఉద్యోగంలోంచి తీసేసి దీన్ని పెట్టుకున్నారన్నమాట. పోనీలెండి. ఇదైతే లేటయిందని ఏడవదు."

ఆమె నన్ను "మీరు" అనడం మొదలుపెట్టిందంటే విషయం పైస్థాయికి వెళ్లినట్లు. గేటు వేయకుండా వెళ్లిపోయింది. గేటు వేయకుండా వెళ్లడం ఉద్దేశపూర్వకం.

ఏప్రిల్ 1, మంగళవారం

జబ్బు తగ్గించుకోవడానికి పెట్టుకున్న యాప్ నడవడానికి చోటు లేకుండా, ఆ ఫోను నిండా జబ్బునే నింపిన ఉద్యోగిని నేను. ఇలాంటి ఫైలు నా బల్ల మీదికి వస్తే "సంబంధిత ఉద్యోగి నుంచి వివరణ కోరవచ్చు" అని రాసి పైకి పంపేదాన్ని.

వివరణ: లేదు.

సాయంత్రం మరదలు టీ తెచ్చి పక్కన కూర్చుంది. మళ్లీ "నువ్వు"లోకి దిగింది, అదే రాజీ. ఫొటోలన్నీ ఎంచింది. తుడిచేసే మీట మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

"నొక్కనా?"

నేను కిటికీ వైపు చూశాను. నొక్కింది. వెయ్యి నూట మూడు పోయాయి. ఒకటి నమూనా నిమిత్తం అట్టిపెట్టమన్నాను.

"నమూనా దేనికి?"

"రేపు ఎవరైనా అడిగితే."

"ఎవరడుగుతారు వదినా, పురావస్తు శాఖవాళ్లా?"

అయినా ఉంచింది. చివరి రోజు తీసినది. అందులో తాళం స్పష్టంగా పడి ఉంది.

ఏప్రిల్ 3, గురువారం

డాక్టరమ్మకు అంతా చెప్పాను. సిగ్నలు విషయం కూడా. తిడుతుందనుకున్నాను. నోటు పుస్తకం పక్కన పెట్టేసింది.

"ఆకుపచ్చ నక్షత్రాలు ఎన్నొచ్చాయి?"

"నలభై ఆరు."

"అవి కూడా తుడిచేద్దామా?"

అది మాత్రం బాధ కలిగించింది. ఒప్పుకున్నాను. కార్యక్రమంలో మిగిలింది మూడు వారాలు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆందోళన తొంభై ఆరు. బస్టాపు దాకా వెళ్లి, తిరిగొచ్చి, తాళం లాగి, ఆఫీసుకు నలభై నిమిషాలు ఆలస్యం. అంకె ఉన్నదున్నట్లు నమోదు చేశాను. ఎర్ర చుక్క వచ్చింది. ఇది నా మొదటి నిజమైన చుక్క.

ఏప్రిల్ 8, మంగళవారం

బస్సులో తనిఖీ అధికారి మెమో పంపాడు. విషయం: వీధి తలుపు. తాళం పడినట్లు తక్షణమే ధ్రువీకరించవలసినది.

ప్రత్యుత్తరం: అయ్యా, మీ మెమో అందింది. పడి ఉండవచ్చు. పడి ఉండకపోవచ్చు. దొంగ రావచ్చు. వచ్చినవాడికి మా ఇంట్లో ఒక మిక్సీ, మూడు ఎక్స్-రే కవర్లు, నిద్రపోతున్న మా తమ్ముడు దొరుకుతారు. తీసుకెళ్లమనండి. నేను బస్సు దిగను.

దిగలేదు. సీటు కడ్డీని పట్టుకుని కూర్చున్నాను. ఆరు స్టాపులు దాటాక అతనికి గొంతు పోయింది. ఏడో స్టాపులో మళ్లీ వచ్చింది. అప్పటికి ఆఫీసు వచ్చేసింది.

ఏప్రిల్ 15, మంగళవారం

దరఖాస్తుల గడువు దగ్గరపడింది. రెండు వందల పన్నెండు కవర్లు. పోస్టు సంచి సాయంత్రం నాలుగింటికి పోవాలి. డిప్యూటీ రిజిస్ట్రారు తలుపు దగ్గర నిలబడి చేతిగడియారం చూసుకున్నారు. అది చూడడం కాదు, చూపించడం.

లక్క కరిగించేది అటెండరు. ముప్పై ఏళ్లుగా ఈ వాసనలో ఉన్నాడు. నేను విప్పిన ప్రతి కవరుకూ మళ్లీ లక్క పోసినవాడు అతనే.

"అమ్మగారూ, ఈసారి లక్క కడ్డీలు తక్కువ తెచ్చాను. పోసింది పోసిందే. విప్పితే మళ్లీ పోయడానికి లేదు, ముందే చెబుతున్నా."

"ఎవరు చెప్పారు నీకు తక్కువ తెమ్మని?"

"ఎవరూ చెప్పలేదండి. నా వేళ్లు చెప్పాయి." కాలిన బొటనవేలు చూపించాడు.

జాబితా, పైన ఉత్తరం, మడత, జిగురు, లక్క, ముద్ర. తర్వాతది. తనిఖీ అధికారి ఒక్కో కవరుకు ఒక్కో మెమో చొప్పున రెండు వందల పన్నెండు మెమోలు పంపాడు. నూట నలభై దగ్గర అటెండరు తన పింఛను కాగితాల గురించి ఏదో అడిగాడు, చెప్పాను, నూట నలభై ఒకటి. ఏ కవరునూ వెలుతురుకు పట్టి చూడలేదు. చేత్తో తూచి చూడలేదు.

నాలుగింటికి సంచి పోయింది. మెట్ల మీద కూర్చున్నాను. ఆందోళన: అంకె చాలలేదు. యాప్ వంద దగ్గర ఆపేస్తుంది.

ఏప్రిల్ 16, బుధవారం

లేచాను. ఆఫీసుకు వెళ్లాను. సంచి తిరిగి రాలేదు. నేనూ దాని వెనక వెళ్లలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

ఉదయం పదకొండున్నరకు ఒక కుర్రవాడు దూరం నుంచి ఫోను చేశాడు. కవరు చేరిందట. సీలు చెక్కుచెదరలేదట. లోపల, జాబితా పైన పెట్టే ఉత్తరాలే రెండున్నాయట. మార్కుల జాబితా లేదట.

పంపిన కవర్ల రిజిస్టరులో వరుస సంఖ్య చూశాను. నూట నలభై ఒకటి.

తనిఖీ అధికారి మెమో పంపలేదు, స్వయంగా వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పానా లేదా?"

ముందు కుర్రవాడికి జవాబు చెప్పాను. తప్పు నాదేనన్నాను. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. కొత్త జాబితా తీసి, సీలు వేసి, వేగంగా వెళ్లే పోస్టులో పంపడానికి నలభై నిమిషాలు పట్టింది. "పర్లేదు మేడమ్, థాంక్సండీ" అన్నాడు. నిజంగానే పర్లేదన్న గొంతు అది. ఆ కవరును కూడా విప్పలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

తర్వాత అధికారికి జవాబు చెప్పాను. అయ్యా, ఆరేళ్లుగా రోజూ చెప్పారు. మీరు దగ్గరుండి విప్పించిన కవర్లలో దొరికిన తప్పులు సున్నా. మీ మాట విననప్పుడు జరిగిన తప్పు ఒకటి. దిద్దడానికి నలభై నిమిషాలు. మీ మాట విన్నప్పుడు ఒక అమ్మాయి సీటు పోయింది. దాన్ని దిద్దే కవరు ఏ విభాగంలోనూ లేదు. ఈ రెంటిలో నేను దేనికి సిగ్గుపడాలో ఇకమీదట నేనే నిర్ణయిస్తాను.

ఏప్రిల్ 24, గురువారం

డిప్యూటీ రిజిస్ట్రారు గది.

"జాబితా లేని కవరు వెళ్లిందట?"

"అవును సార్. నేనే పెట్టాను. నిన్ననే సరిదిద్దాను."

"మిగతా రెండు వందల పదకొండు?"

"వెళ్లాయి సార్."

"అదే, వాటిలో ఉన్నాయా అని."

"ఉండి ఉంటాయి సార్."

"ఖచ్చితంగా చెప్పలేరా?"

"చెప్పలేను సార్."

ఆయన నుదురు తుడుచుకున్నారు. "ఒకసారి అందరికీ ఫోను చేసి అడిగితే? మన తృప్తికి?" కాస్త ఆగి, "ఉన్నాయంటారా అయితే?"

మూడోసారి అడిగినప్పుడు ఆయన్ని గుర్తుపట్టాను. ఆ గొంతు ఆరేళ్లుగా నాకు బాగా పరిచయం.

"సార్, లేనివాళ్లు ఫోను చేస్తారు. చేసిన పూటే పంపిస్తాను. ఉన్నవాళ్లను అడిగి కూర్చుంటే ఈ వారం కవర్లు ఆగిపోతాయి. ఆగిన కవరుకు ఏమవుతుందో ఆ కుర్చీకి తెలుసు."

ఆయన ఆ కుర్చీ వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"అయినా తృప్తి కలగకపోతే, ఫోనులో ఒక యాప్ ఉంది సార్. రోజుకు నాలుగు వాక్యాలు రాసుకోవాలి."

నేను ఇరవై మూడేళ్లలో ఒక పైఅధికారితో ఇలా మాట్లాడలేదు. ఆయన నా ఫైలు తీసి, "ఇదే బల్ల మీద కొనసాగవచ్చు" అని రాసి, సంతకం పెట్టారు. పెట్టాక సంతకాన్ని ఇంకోసారి చూసుకున్నారు. నేను చూడనట్లు ఊరుకున్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

యాప్ పన్నెండు వారాలు నేటితో ముగిశాయి. చివరి పట్టికలో ఎర్ర చుక్కలు తొమ్మిది, పసుపు పన్నెండు, ఆకుపచ్చ మూడు. నలభై ఆరు నక్షత్రాలకంటే ఈ మూడూ బరువుగా ఉన్నాయి.

మిగిలిన పని ఒకటి. నమూనా నిమిత్తం అట్టిపెట్టిన ఫొటో. ఈ నాలుగు వారాల్లో దాన్ని ఎన్నిసార్లు చూశానో ఈ డైరీలో ఎక్కడా రాయలేదు. ఇప్పుడూ రాయను. ఏప్రిల్ నెల తాళం పడిందో లేదో మార్చి నెల ఫొటోలో వెతికేదాన్నని మాత్రం నమోదు చేస్తున్నాను.

తుడిచేసే గుర్తు నొక్కాను. ఫోను అడిగింది: "ఇది తిరిగి రాదు. మీకు ఖచ్చితంగా తెలుసా?"

ఆరేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్న అదే. ఇన్నాళ్లూ దానికి "తెలుసు" అని జవాబు చెప్పడానికే పరుగెత్తాను.

"తెలియదు" అన్నాను, పైకే. నొక్కాను.

మరదలు వంటింట్లోంచి తొంగిచూసింది. "ఎవరితో వదినా?"

"పైఅధికారితో."

"ఏమంటాడు?"

"ఏమీ అనడు. బదిలీ అయ్యాడు."

"ఎక్కడికి?"

"పాత రికార్డుల గదికి."

"అక్కడ్నుంచి మెమోలు పంపడంటావా?"

"పంపుతాడు. దుమ్ముతో పాటు వస్తాయి. దులిపేస్తాను."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి, నా ఫోనును మా ఇద్దరి వైపు తిప్పింది. "అయితే ఖాళీ అయిందిగా, ఇప్పుడు మనుషుల్ని పెట్టు" అంది. వెనక వీధి తలుపు కనిపిస్తోంది. ఫొటోలో కొంచెం మసకగా పడింది. పెద్దది చేసి చూడలేదు.

ఇద్దరం బయటికి వెళ్లాం. తాళం నేనే వేశాను. గేటు దగ్గర మరదలు ఆగి నా ముఖంలోకి చూసింది, పాత ఉద్యోగం గుర్తొచ్చినట్లు. నేను ఏమీ అడగలేదు. నడిచాం.

సరిచూడలేదు.